పాయింటు తర్వాత మూడు

యాభై నాలుగు పాయింటు మూడు.
మెమో మీద ఆ చుక్క ఎంతుంటుందంటే
మిరప పువ్వులో తామర పురుగంత.
కళ్ళు చికిలిస్తేనే కనపడుతుంది,
కనపడ్డాక ఇక తోటంతా అదే.

కారణం అడగొద్దు, గొప్పదేమీ లేదు.
పరీక్షల్లో జ్వరం రాలేదు, ఇంట్లో ఎవరూ పోలేదు.
బయోకెమిస్ట్రీ నాకు రాలేదు, అంతే.
నంబూరు హాస్టల్లో తెల్లవార్లూ
పేజీలు తిప్పిన చప్పుడు మాత్రం నాదే.

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
టిక్కీలు దిగుతుంటే లాటు నెంబర్లు రాసే పని దొరికింది.
మొదటి వారమంతా తుమ్ములు,
తర్వాత ముక్కు కూడా ఉద్యోగంలో చేరిపోయింది.
కొనేవాడొస్తాడు, బస్తా నోరు విప్పి
గుప్పెడు తీసి, ఒక తొడిమ విరిచి
మొత్తానికి రేటు చెప్పేస్తాడు.
అడుగున ఏముందో అడుగుకే తెలుసు.
తెల్లబారిన కాయలు ఏరి పక్కన పోస్తారు: తాలు.
"తాలుక్కూడా రేటుంటదమ్మాయ్," అనేవాడు హమాలీ బాజీ.
ఓదార్పో ఎగతాళో
మొహమ్మీది కారంలో తెలిసేది కాదు.

ఆదివారం సెలవు.
ప్రత్తిపాడు బస్సెక్కి, ఎవరి తోటయితేనేం,
గట్టు మీద చెప్పులు విడిచి దిగేదాన్ని.
మెమో జిరాక్సులు సంచినిండా ఉన్నాయి గదా,
అప్లికేషన్ల కోసం తీయించి పంపలేకపోయినవి.
వాటి తెల్ల వైపు పట్టి పువ్వుని తట్టితే
నల్లచుక్కలు రాలతాయి.
రాలిన చోట ఉండవు, నడుస్తాయి.
పువ్వుకి పదకొండు.
మందు కొట్టిన తోటలో పువ్వుకి ఇరవై ఆరు.
కొట్టిన తోటలో ఎక్కువెందుకు?
ఈ ప్రశ్న ఏ పేపర్లోనూ రాలేదు.
నాకు వచ్చింది.

పన్నెండు మంది ప్రొఫెసర్లకి రాశాను.
'ఫెలోషిప్పు ఉంటేనే చేరగలను' అని చివరి వాక్యం.
తుడిచి, మళ్ళీ రాసి, మళ్ళీ తుడిచి
ఆఖరికి దాన్నే మొదటి వాక్యం చేశాను.
సామ్రాజ్యం పిన్ని ఇడ్లీ రేకు దించుతూ ఆగింది.
"చదివేది నువ్వూ, డబ్బిచ్చేది వాళ్ళూనా? ఏందే ఆ చదువు?"
పిన్ని చీటీ పాడి కట్టిన ఎమ్మెస్సీ ఫీజు
ఇంకా నాలుగు వాయిదాలుంది.

తొమ్మిది మంది పలకలేదు.
ఇద్దరు మార్కులడిగారు, చూశారు, పలకడం మానేశారు.
ఒకావిడ మాత్రం ఒక్క లైను:
"ఎన్ని పువ్వులు చూశావు?"

వెయ్యీ నూట నలభై, మేడమ్.

ఇంటర్వ్యూ గదిలో నలుగురు. కిటికీ అవతల లాం పొలాలు.
ఒకాయన మెమో మీద పెన్ను ఆనించాడు,
సరిగ్గా ఆ చుక్క మీదే.
"దీవెనా, ఏమిటమ్మా ఇది?"
మూడు రాత్రులు వల్లించిన జవాబు
గొంతులో తొడిమలా అడ్డం పడింది.
"రాలేదండి," అన్నాను.
"ఇప్పుడు నేర్చుకుంటున్నాను.
పురుగు మందుని ఎట్టా అరిగించుకుంటుందో తెలియాలంటే
అది లేకుండా కుదరట్లేదు."
ఆయన నవ్వలేదు. ఏదో రాసుకున్నాడు.
తలకిందులుగా చదవడం కూడా నాకు రాదు.

జాబితా వచ్చింది.
ఒక ఫెలోషిప్పు, ఒక పేరు, అది నాది కాదు.
కింద గీత. గీత కింద నేను: వెయిటింగ్, ఒకటి.
"అంటే వచ్చినట్టా, రానట్టా?" అంది పిన్ని.
చట్నీ గిన్నె అందుకుని
బల్లల వైపు నడిచాను.

ఈ ఆదివారమూ వెళ్ళాను.
పువ్వుని తట్టాను. పదిహేడు.
ఒకటి కాగితం అంచు దాటి
మార్కులున్న వైపు పోయింది.
దాన్ని కలపాలో వద్దో తేలక
పెన్ను ఎత్తి పట్టుకుని
అలాగే నిలబడ్డాను, ఎండలో.